సబ్సిడీ చూసి డ్రోన్ కొందామా?

ధరణికోట చుట్టుపక్కల ఏ అరుగు మీద కూర్చున్నా ఇప్పుడు డ్రోన్ మాటే. పత్తికీ మిరపకూ మందు కొట్టే మనిషి దొరక్క అవస్థ పడుతున్నాం కాబట్టి ఆశ పుట్టడం తప్పు కాదు. వీపున పంపు మోస్తూ విషం పీల్చే బాధ తప్పుతుందంటే ఎవరు కాదంటారు? మా పేచీ అల్లా సొంతానికి కొనడం గురించే.

చిన్న, సన్నకారు రైతుకు కేంద్రం 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షల సబ్సిడీ ఇస్తామంటోంది. సగం ధరకే వస్తోందని సంబరపడుతున్నాం. మిగతా సగం మాటేమిటి? యంత్రం 10 లక్షలనుకుందాం. 5 లక్షల అప్పుకు నూటికి రూపాయి వడ్డీ వేసినా ఏడాదికి 60 వేలు. ఎకరానికి 400 బాడుగ తీసుకుంటే, నడిపేవాడి జీతం, తిప్పుడు ఖర్చు, రిపేర్లు పోను 150 మిగిలిందనుకోండి. మొదటి 400 ఎకరాలు వడ్డీకే సరి. అసలు తీరాలంటే ఇంకో 3,300 ఎకరాలు పైమాటే. మన సొంత చేను చూస్తే మూడెకరాలు! కొన్ని వందల ఛార్జింగులకే నీరసించే బ్యాటరీల ఖర్చు ఇందులో వేయలేదు. గాలి వీసినా వాన పడినా పని ఆగుతుంది. నడపాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. ఊళ్లో ముగ్గురు కొంటే ఉన్న ఎకరాలే ముగ్గురూ పంచుకోవాలి.

ట్రాక్టర్లతో ఈ పాట్లు పడ్డవాళ్లమే. పక్కింటాయన కొన్నాడని కొని, కిస్తీ కట్టలేక బండిని అప్పిచ్చినవాళ్లకు అప్పజెప్పినవాళ్లు మనలో లేరా?

మిరప రైతు ఇంకొకటి చూసుకోవాలి. 2021లో మన తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూతలో దాక్కుంటుంది. తైవాన్ పంపుతో ఎకరానికి వంద లీటర్లకు పైగా నీళ్లు పోస్తాం, డ్రోన్ పది లీటర్లతో ముగిస్తుంది. గుబురు చేలో లోపలి పూతకు మందు అందుతుందా? ముందు బాడుగకు తెచ్చి ఒక ఎకరం కొట్టించి, మూడో రోజు పూలు విప్పి చూడండి.

ఊరికి ఒక డ్రోన్, అదీ ఉమ్మడిగా ఉండాలని మా అభిప్రాయం. 2023లో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు ఇస్తామన్నారు. అప్పు పుట్టని కౌలు రైతుకు కూడా అందే బాడుగ ఉండాలి. ఆ రేటు ఊరు కూర్చుని తేల్చాలి.

అయినా సొంతానికే కొంటామంటారా? మీ డ్రోన్‌తోనే కొట్టిస్తామని ఎవరెవరు ఎన్నెకరాలకు మాటిచ్చారో పేరుపేరునా రాసుకోండి. సంతకం పెట్టకముందే ఆ కాగితంతో సంఘం సమావేశానికి రండి. కలిసి లెక్క వేద్దాం.