చెరువు ఎండితే క్రికెట్... గడ్డకడితే హాకీ!

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం హిందూపురం బజారులో ఐసుగడ్డ విలువేమిటో వేరే చెప్పాలా? గోనెసంచి చుట్టి, రంపప్పొట్టు చల్లి, సైకిలు వెనకాల కట్టుకుని ఫ్యాక్టరీ నుంచి సోడాబండి దాకా తెచ్చేలోపు దారి పొడవునా కారిపోతూనే ఉంటుంది. అలాంటి ఊళ్లో ఎవరినైనా ఆపి ‘ఐసు మీద నిలబడి హాకీ ఆడతారట తెలుసా’ అని అడిగితే ‘ఇదెక్కడి చోద్యం’ అంటారు.

ఆ చోద్యం మన దేశంలోనే ఉంది. అంతేనా... ఆ ఆటలో మన అమ్మాయిలు 2025లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చారు. ఆసియా కప్‌లో మన దేశపు ఆడవాళ్ల జట్టుకు అదే తొలి పతకం. పోటీలు జరిగింది ఏ మంచుకొండల్లోనో అనుకునేరు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ పట్టణంలో! చుట్టూ ఎడారి, బయట జూన్ ఎండ. హిందూపురం ఎండ దానిముందు దిగదుడుపే.

ఎడారిలో మంచు ఆట ఏమిటి? మనవాళ్లు అక్కడిదాకా ఎలా వెళ్లారు? చెప్పుకోవాల్సిన సంగతులే. ఎందుకంటే అందులో మన పిల్లల సంగతి కూడా ఉంది.

మంచుకొండలున్నా ఓటమే

ఐస్ హాకీ అంటే కెనడా, రష్యా, స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చలిదేశాల ఆట. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. బంతి ఉండదు. ‘పక్’ అనే నల్లని రబ్బరు బిళ్ల ఉంటుంది. మన అరచేతిలో ఇమిడిపోయేంతే. బరువు 170 గ్రాములు మించదు. ఎగరకుండా జారాలని దాన్ని కూడా ఆటకు ముందు ఐసులో పెట్టి గడ్డకట్టిస్తారు.

ఆసియాలో జపాన్, దక్షిణ కొరియా, చైనా, కజకిస్థాన్ ఈ ఆటలో ముందున్నాయి. మిగతా దేశాలు వాళ్లతో తలపడితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే అప్పుడప్పుడే ఆట నేర్చుకుంటున్న ఆసియా దేశాల కోసం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య విడిగా ఒక పోటీ పెట్టింది. ‘ఛాలెంజ్ కప్ ఆఫ్ ఆసియా’ పేరుతో 2008లో హాంకాంగ్‌లో మొదలైంది. మన మగవాళ్ల జట్టు 2009లో అబుదాబిలో తొలిసారి బరిలో దిగింది.

ఇక్కడే ఉంది తమాషా. ఈ పోటీల్లో మన ప్రత్యర్థులు ఎవరనుకున్నారు? థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్, ఎమిరేట్స్... మంచు పడటం ఎరగని దేశాలు. మనకేమో సాక్షాత్తూ హిమాలయాలే ఉన్నాయి. గెలవాల్సింది మనమే కదా? కానీ ఓడింది మనమే. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి.

కారణం చాలా చిన్నది. వాళ్ల దగ్గర రింకు ఉంది. మన దగ్గర లేదు.

ఐసు ఫ్యాక్టరీ నుంచి పుట్టిన ఆటస్థలం

రింకు అంటే ఐసు పరిచిన ఆటస్థలం. పొడవు 60 మీటర్లు, వెడల్పు 30 మీటర్ల దాకా ఉంటుంది. అది తయారయ్యే పద్ధతి మన ఐసు ఫ్యాక్టరీ పద్ధతికి చుట్టమే. ఫ్యాక్టరీలో ఏం చేస్తారు? బాగా చల్లబరిచిన ఉప్పునీటి తొట్టెలో మంచినీటి డబ్బాలు దించుతారు. ఉప్పునీరు గడ్డకట్టదు, డబ్బాలో నీళ్లు గడ్డకడతాయి. రింకులోనూ అంతే. కాంక్రీటు నేల లోపల కిలోమీటర్ల కొద్దీ గొట్టాలు పరిచి అలాంటి చల్లని ద్రవాన్నే తిప్పుతారు. పైన కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ పొర మీద పొర గడ్డకట్టిస్తారు. అంతా కలిపి రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉంటే చాలు.

చుట్టరికం అక్కడితో ఆగలేదు. ఆట మధ్యలో గీతలు పడ్డ ఐసును గీకి, మీద వేడినీళ్లు పోసి నున్నగా చేసే బండి ఒకటుంది. పేరు జాంబోనీ. దాన్ని 1949లో తయారుచేసిన ఫ్రాంక్ జాంబోనీ అసలు వృత్తి ఏమిటో తెలుసా? కాలిఫోర్నియాలో ఐసుగడ్డల ఫ్యాక్టరీ! ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చి ఐసు బేరం పడిపోతుంటే, ఉన్న యంత్రాల అనుభవంతో 1940లో స్కేటింగ్ రింకు తెరిచాడు. దాన్ని శుభ్రం చేయలేక అవస్థపడి బండి కనిపెట్టాడు. కాలిఫోర్నియా ఎండకు తగ్గని ఆట, అల్ ఐన్ ఎండకు తగ్గని ఆట ఎండ వల్ల ఆగదన్నమాట.

మన దేశం మాత్రం అంతర్జాతీయ సమాఖ్యలో 1989లోనే చేరినా పూర్తి కొలతల కృత్రిమ రింకు చాలాకాలం లేదు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో ఒకటి కట్టారు. 2012 ఛాలెంజ్ కప్ అక్కడే జరిగింది. మకావు మీద మన మగవాళ్ల జట్టు తొలి గెలుపు చూసిందీ అక్కడే. హమ్మయ్య అనుకునేలోపే ఆ రింకు మూతపడింది. నడిపే ఖర్చు ఎవరు భరించాలన్నది తేలలేదు. మళ్లీ తలుపులు తెరిచింది 2025లో. కట్టడానికి దొరికిన డబ్బు నడపడానికి దొరకకపోవడం మన ఊళ్లలో స్టేడియాలు చూసినవాళ్లకు కొత్త కాదు.

అక్కడా చెరువే... ఇక్కడా చెరువే

మరి మనవాళ్లు ఆట ఎక్కడ నేర్చుకున్నారు? చెరువులో!

లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున పడి మన అనంతపురం ప్రాంతం వానకు మొహం వాచినట్టే, హిమాలయాల చాటున పడి లద్దాఖ్ మనకంటే ఎక్కువగా మొహం వాచింది. మనకు 550 మిల్లీమీటర్లయినా పడుతుంది. వాన లేని నేల ఎక్కడైనా ఒకే పాఠం నేర్పుతుంది... దొరికిన నీటిని నిలబెట్టుకో అని. విజయనగర రాజులు బుక్కపట్నం చెరువు తవ్వించినా, లద్దాఖ్ రైతులు మంచు కరిగిన నీళ్లకు చిన్నచిన్న కుంటలు కట్టుకున్నా ఆ పాఠమే.

చలికాలం వచ్చిందంటే ఆ కుంటలు గడ్డకడతాయి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అవే మైదానాలు. లేహ్‌లోని కార్జూ కుంట అలాగే పేరుపొందింది. రాత్రిపూట గొట్టాలతో నీళ్లు పట్టి, తెల్లారేసరికి కొత్త పొర కట్టించి ఆడేవారు. మొదట్లో స్కేట్లు కొనే స్తోమత లేక సైన్యం వాడిన బూట్లకు ఇనుప బద్దలు బిగించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఏడాదికి రెండు నెలలే ఆట. ఆ రెండు నెలల్లోనూ మగపిల్లలు ఆడుకున్నాకే ఆడపిల్లల వంతు. ఐసు మీద ఒక గంట దొరకడం కోసం అమ్మాయిలు పెద్దవాళ్లతో వాదించాల్సి వచ్చింది. అలాంటి జట్టు 2016లో తైపీలో జరిగిన మహిళల ఛాలెంజ్ కప్‌కు వెళ్లింది. అదీ జనం దగ్గర చందాలు పోగుచేసుకుని! అలవాటైన కుంట వేరు, అక్కడి నున్నటి పెద్ద రింకు వేరు. ఓడిపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నారని మనకో సామెత ఉంది. వీళ్ల విషయంలో మద్దెల నిజంగానే ఓడు.

మరుసటి ఏడాది, 2017 మార్చిలో, బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించారు. అంతర్జాతీయ పోటీల్లో అదే వాళ్ల తొలి గెలుపు. 2018లో కెనడా దిగ్గజం, నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ స్వయంగా లద్దాఖ్ వచ్చి వాళ్లతో ఆడింది. అదే ఏడాది జట్టును కెనడాకు పిలిపించుకుంది. ఈలోగా లేహ్‌లో కృత్రిమ రింకు కూడా వచ్చింది. ఆ తర్వాతే అల్ ఐన్‌లో కంచు పతకం. వరస చూడండి... ఆడే చోటు, ఆడే సమయం పెరిగినకొద్దీ ఫలితం మారింది.

ఆ జట్టుకు గోల్‌కీపర్‌గా నిలిచిన నూర్ జహాన్ గురించి లేపాక్షి పక్కన ఉండే మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఐసు మీద లేనప్పుడు ఆమె పని పాతబడిన బౌద్ధ చిత్రాలను, గోడల మీది బొమ్మలను బాగుచేయడం. లేపాక్షి మండపంలో తలెత్తి పైకప్పు మీది రంగులు చూసినవాళ్లకు ఆ పని ఎంత ఓర్పుతో కూడుకున్నదో అర్థమవుతుంది. వందల ఏళ్ల రంగు రాలిపోకుండా కాపాడే చేతులే, దూసుకొచ్చే పక్‌ను ఆపుతాయి.

పెనుకొండ చుట్టాలు

రైల్లో హిందూపురం దాటితే పెనుకొండ. కోట కింద ఊరు పాతదే. కానీ పక్కనే ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, 2019లో కార్ల తయారీ మొదలయ్యాక, హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. కొరియా వంటల హోటళ్లు వచ్చాయి. వాటి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ దేశం కథ ఒకటి గుర్తుచేసుకోవచ్చు.

2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ఎప్పుడూ ఉప్పూనిప్పులా ఉండే ఉత్తర, దక్షిణ కొరియాలు ఒకే ఒక్క ఆటలో కలిసి జట్టు దించాయి. అది మహిళల ఐస్ హాకీ. దక్షిణాది నుంచి 23 మంది, ఉత్తరాది నుంచి 12 మంది. ఆడిన ఐదు మ్యాచుల్లోనూ ఓడారు. మొదటి రెండూ 0-8 తేడాతోనే! మూడో మ్యాచులో జపాన్ మీద తొలి గోలు పడింది. ఆ గోలు కొట్టిన పక్‌ను టొరంటోలోని హాకీ మ్యూజియంకు పంపారు. ఓడిన జట్టు పక్‌కు అంత గౌరవం! ఓటమి కూడా ఒక్కోసారి దాచుకోదగ్గదే... మళ్లీ ఆడనిస్తే.

మరి మన పిల్లల సంగతి?

‘బాగానే ఉంది, ఇప్పుడు ధర్మవరంలో రింకు కట్టమంటారా?’ అని మీరు అడగొచ్చు. అక్కర్లేదు. మనకు ఐసు కావాల్సింది సోడాలోకే. కానీ లద్దాఖ్ అమ్మాయిలు నేర్పే పాఠానికి ఐసుతో పనిలేదు.

మంచు చూడని నేల నుంచి కూడా మంచు ఆటలోకి వెళ్లొచ్చని తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి చూపించింది. లేహ్‌లో జరిగిన 2025 ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ స్కేటింగ్‌లో బంగారం గెలిచింది. టెన్నిస్ అంటే పట్నం పిల్లల ఆట అనుకునే రోజుల్లో, 2010లో, రఫెల్ నాదల్ ఫౌండేషన్ వచ్చి మన అనంతపురంలోని ఆర్‌డీటీ క్రీడాగ్రామంలో టెన్నిస్ బడి తెరిచింది. పల్లె పిల్లలు రాకెట్లు పట్టారు. ఆట ముందు పుట్టి చోటు తర్వాత రాదు. చోటు ఇస్తే ఆట దానంతటదే వస్తుంది.

ఇక మన చెరువుల మాటకొద్దాం. ధర్మవరమైనా, బుక్కపట్నమైనా, మీ ఊరి కుంటయినా... నీళ్లు ఇంకిపోయాయంటే పిల్లలు వికెట్లు పాతేస్తారు. రైతుకు బాధే గానీ పిల్లలకు పండగ. లద్దాఖ్‌లో గడ్డకట్టిన కుంట మైదానమైతే ఇక్కడ ఎండిన చెరువు మైదానం. లేనిదాంట్లోంచి చోటు వెతుక్కోవడం ఇద్దరికీ తెలిసిన విద్యే. తేడా ఒక్కటే. అక్కడి అమ్మాయిలు పట్టుబట్టి తమ గంట తాము తీసుకున్నారు. ఇక్కడ ఆ ఎండిన చెరువులో అమ్మాయిలు కనిపించరు.

మగ్గం ముందు కూర్చుని అమ్మకు సాయం చేసే పిల్ల, బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే పిల్ల, తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద నుంచి చూసే పిల్ల... వీళ్లలో ఎవరి చేయి పక్‌ను ఆపేంత చురుకైనదో, ఎవరి కాలు గోలు కొట్టేంత వేగమైనదో ఎవరికి తెలుసు? ఆడనిస్తే గదా తెలిసేది! పదో తరగతి వచ్చిందనగానే అమ్మాయికి ముందు ఆగేది ఆటే. ‘ఇంకా గెంతులేమిటే’ అనేది ఇంట్లోవాళ్లే. అబ్బాయికి ఆదివారమైనా బ్యాటు చేతికొస్తుంది. అమ్మాయికి ఆదివారం అంటే బట్టలుతికే రోజు.

ప్రభుత్వం మైదానాలు కట్టాలి, కట్టినవాటికి తాళం పడకుండా నడపాలి. అది అడగాల్సిందే. కానీ రోజుకో గంట ఇవ్వడానికి ఏ జీవో అక్కర్లేదు. ఈసారి మీ ఊరి చెరువులో ఆట మొదలైనప్పుడు గట్టు మీద నిలబడి చూసేదెవరో ఒకసారి లెక్కపెట్టండి. ఆ వరసలో మీ అమ్మాయి ఉంటే, చంకలోని తమ్ముణ్ణి మీరు అందుకుని ఆమెను కిందికి పంపండి.