తెరమీద ఎవరి గొంతు?

నవంబరు మాసం రాగానే బ్రిటన్ టెలివిజన్‌లో వార్తలు చదివేవారి కోటుమీద కాగితంతో చేసిన ఎర్రని గసగసాల పువ్వు కనిపిస్తుంది. 1918 నవంబరు 11న పగలు 11 గంటలకు మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగాన తుపాకులు ఆగిపోయాయి. ఏటా ఆ మాసపు రెండవ ఆదివారంనాడు లండన్‌లోని సెనటాఫ్ స్మారకం ఎదుట పాటించే రెండు నిమిషాల మౌనాన్ని బి.బి.సి. దేశమంతటికీ ప్రసారం చేస్తుంది. ఎడతెగకుండా మాట్లాడవలసిన యంత్రం మౌనాన్ని ప్రసారం చేయడం విచిత్రమే. అందుకే కాబోలు ఆ రెండు నిమిషాలూ అంత బరువుగా వుంటాయి. మౌనం ముగిశాక మాత్రం తెర మాట్లాడక తప్పదు. ఎవరి గొంతుతో మాట్లాడాలన్నదే చిక్కు.

1964లో, యుద్ధం ఆరంభమై 50 ఏళ్లు నిండిన సందర్భంలో, బి.బి.సి. 'ది గ్రేట్ వార్' అనే 26 భాగాల ధారావాహికను ప్రసారం చేసింది. వ్యాఖ్యానం చదివినవాడు ప్రసిద్ధ నటుడు మైకేల్ రెడ్‌గ్రేవ్. ఆయనది మంచి కంఠమే. కాని ఆ ధారావాహికకు ప్రాణం పోసింది కెమెరా ముందు కూర్చున్న వృద్ధ సైనికులు. బురద, ఎలుకలు, పక్కనే కూలిన మిత్రుడు - ఏదీ అలంకరించకుండా చెప్పుకుపోయారు. అలా వందలాదిమందిని మాట్లాడించి, తెరమీద వాడుకున్నది కొంత మాత్రమే. మిగిలినది లండన్ యుద్ధ ప్రదర్శనశాలలో భద్రంగా వుండిపోయింది.

ఆ భద్రపరచిన మాటలు మళ్ళీ పనికివచ్చాయి. 2018 నవంబరు 11న, శాంతి కుదిరిన నూరేళ్లకు, పీటర్ జాక్సన్ తీసిన 'దే షల్ నాట్ గ్రో ఓల్డ్' బి.బి.సి.లో ప్రసారమైంది. చేతితో తిప్పిన పాత కెమెరాల బొమ్మలను నేటి వేగానికి సరిచేసి, రంగులు అద్దారు. పెదవుల కదలికను చదవగల నిపుణులను పిలిచి, మూకీ చిత్రంలో సైనికులు ఏమంటున్నారో గ్రహించి, నటులచేత పలికించారు. వ్యాఖ్యాతంటూ లేడు. వినిపించేవన్నీ ఏనాడో రికార్డు చేసిన ఆ వృద్ధుల గొంతులే. ఇంతకన్న శ్రద్ధగా చేసిన స్మారక చిత్రాన్ని నేను చూడలేదు.

అయితే ఆ గొంతులు బ్రిటిష్ సైనికులవి. జాక్సన్ తన పరిధిని కావాలనే కుదించుకున్నాడు; ఆ స్వేచ్ఛ అతనికుంది. కాని అదే యుద్ధానికి మన దేశంనుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటి వెళ్ళారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. 1915 మార్చిలో ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద దాడికి దిగిన సేనలో సగం భారతీయులే. వారు తెరమీద మాట్లాడాలంటే మాటలు ఎక్కడివి?

ఉత్తరాలున్నాయి. వాటిని మనకు మిగిల్చింది ఎవరనుకున్నారు? సెన్సారు అధికారి! ఫ్రాన్సులో భారతీయ సైనికుల ఉత్తరాలను తనిఖీ చేయడానికి ఏర్పాటైన కార్యాలయం, ఉర్దూ, హిందీ, పంజాబీ లేఖలలోని భాగాలను ఇంగ్లీషులోకి మార్చి పైవారికి నివేదించేది. ఆ నివేదికలు నేడు బ్రిటిష్ లైబ్రరీలో వున్నాయి. మూలాలు చాలావరకు లేవు. తమ జాబులు ఎవరో చదువుతున్నారని సిపాయిలకు తెలుసు. అందుకే ఒకడు నల్ల మిరియాలు అయిపోవచ్చాయని, ఇక ఎర్రవి వాడుతున్నారని రాశాడు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి తెల్లవాళ్ళు. సెన్సారువారికి అర్థమయింది; అందుకే అది మనదాకా వచ్చింది.

నా వృత్తి అనువాదం కనుక ఈ సంగతి నన్ను వదలదు. చదువురాని సిపాయి చెప్తే తోటివాడెవరో రాశాడు; దానిని సెన్సారు కార్యాలయం ఇంగ్లీషు చేసింది; నూరేళ్ల తరువాత ఒక నటుడు టెలివిజన్‌లో దానిని గద్గదంగా చదువుతాడు. సిపాయికీ మనకూ మధ్య ముగ్గురు నిలబడివున్నారు. ఇంగ్లీషులో చాచా, మామా ఇద్దరూ అంకులే. తెలుగు చేయబోతే బాబాయి అనాలా, మామయ్య అనాలా? ఇంగ్లీషువాడి తాతమాట ఉచ్చారణతో సహా దక్కింది. మనవాడికి కనీసం వరుస కూడా దక్కలేదు.

అసలు గొంతులు కొన్ని మాత్రం మరోచోట, శత్రువు చేతిలో మిగిలాయి. బెర్లిన్ సమీపాన వ్యున్స్‌డోర్ఫ్‌లోని ఖైదీల శిబిరంలో జర్మన్ పండితులు యుద్ధఖైదీలచేత గ్రామఫోను బూరా ముందు మాట్లాడించారు. వారికి కావలసింది భాషలూ ఉచ్చారణలూ తప్ప, ఆ మనుషుల గోడు కాదు. అయినా 1916 డిసెంబరులో ఒక పంజాబీ సిపాయి, అనగనగా ఒక మనిషి అన్న ధోరణిలో తన కథనే చెప్పాడు: ఆ మనిషి హిందూస్తాన్‌లో వెన్న తినేవాడట, యుద్ధానికి వచ్చి జర్మనీకి పట్టుబడ్డాడట, ఇంటికి పోవాలని వుందట. ఆ రికార్డును బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం దాచింది. 2007లో ఫిలిప్ షెఫ్నర్ అనే జర్మన్ దర్శకుడు 'ది హాఫ్‌మూన్ ఫైల్స్' అనే చిత్రం తీసింది దానిని వెంటపెట్టుకునే.

నాకు పంజాబీ రాదు. రికార్డు నిమిషం పైచిలుకు మాత్రమే, గరగర ఎక్కువ. మూడవసారి విన్నప్పుడు 'మఖ్ఖన్' అన్న మాట స్పష్టంగా దొరికింది.