మంచం దిగడమూ మందే!

ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన అవ్వ ఇంటికొస్తుంది. కాళ్ల వాపు తగ్గింది, ఊపిరాడుతోంది. ఇక ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట... 'నువ్వు లెయ్యొద్దు అవ్వా, మేముండాం కదా!' కాఫీ మంచం దగ్గరికే, సంగటీ మంచం దగ్గరికే. అది ప్రేమే. కానీ నెల తిరిగేసరికి బాత్‌రూముకు వెళ్లాలన్నా ఆమెకు ఇంకొకరి భుజం కావాల్సి వస్తుంది.

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడం. ఆ జబ్బుతో నీరసించిన పెద్దవాళ్లు మంచానికే పరిమితమైతే తొడ కండలు కరిగిపోతాయి. గుండె కుదురుకున్నా కాళ్లు మొరాయిస్తాయి.

అలాగని తూలే మనిషిని గబగబా నడిపిస్తే పడిపోవచ్చు. అందుకే ముందు నిలకడ, కాలిబలం, తర్వాతే ఎక్కువసేపు నడక. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 60 ఏళ్లు, ఆపైబడిన 349 మందిపై అమెరికాలో ఇలాంటి శిక్షణనే పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. నిలబడటం, నడవడం, కుర్చీలోంచి లేవడం... ఈ మూడింటికీ కలిపి 12 మార్కులు. మూడు నెలల తర్వాత శిక్షణ పొందినవారి సగటు 8.3, మామూలు వైద్యమే అందినవారిది 6.9. అయితే ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంటే ఇది జబ్బును మాయం చేసే మంత్రం కాదు. తన పని తాను చేసుకునే బలం, అంతే. పెద్దవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

తిరుపతి స్విమ్స్‌లో గుండె విభాగంతోపాటు ఫిజియోథెరపీ కళాశాలా ఉంది. చిత్తూరుకు దగ్గర్లోని వేలూరు సీఎంసీలో పునరావాస వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా చక్రాల కుర్చీలోంచే వైద్యం చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ దానికి పునాది వేశారు. పలమనేరు నుంచో పీలేరు నుంచో వారానికి మూడుసార్లు రావడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు ఒకరు దగ్గరుండి ఆ కదలికలు నేర్చుకోవాలి.

డాక్టరు సరేనన్నాక గోడకు ఆనించిన చేతుల కుర్చీ ఒక్కటి చాలు. పట్టుకుని లేవడం, క్షణం నిలబడటం, మెల్లగా కూర్చోవడం. పక్కన మనిషి ఉండాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఆయాసం పెరిగినా వెంటనే ఆపేయాలి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించి, డాక్టరుకు చెప్పాలి.

డిశ్చార్జి రోజున ఏ మాత్ర ఎన్నిసార్లో అడుగుతాం కదా! కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవాలో కూడా అడిగి, అదే కాగితంమీద రాయించుకోండి.