సర్టిఫికెట్ ఇచ్చి చెయ్యి దులుపుకుంటే చాలా?

గోదావరిఖనిలో వృత్తి శిక్షణ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మగవాళ్ళకు ఒకటి, ఆడవాళ్ళకు మరొకటి.

గనిలో చేరే కొత్త కార్మికుడికి 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ ఇస్తారు. అది పూర్తయినా అతన్ని ఒంటరిగా వదలరు, అనుభవమున్న వాళ్ళ వెంట ఉంచుతారు. చివర ఉద్యోగం ఉంది, జీతం ఉంది.

అదే కార్మికుడి భార్యకో కూతురికో సింగరేణి సేవా సమితి కుట్టుపని, బ్యూటీషియన్ పని నేర్పుతుంది. సర్టిఫికెట్లు పంచుతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి పూచీ ఎవరిది?

నేర్పడాన్ని మనం తప్పుపట్టడం లేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ అవసరం చిన్నది కాదు. 1952 గనుల చట్టం స్త్రీలకు భూగర్భంలో పని నిషేధించింది. ఆ నిషేధం సడలింది 2019లో, అదీ పగటిపూటకే, షరతులతో. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఒక్క జీతంతో గడిచిన ఇళ్ళలో ఆ జీతమే లేకుండా పోతుంటే స్త్రీ సంపాదనను ఇంకా వేణ్ణీళ్ళకు చన్నీళ్ళుగానే చూస్తారా?

కత్తెర పట్టడం వచ్చినంత మాత్రాన దుకాణం నడపడం రాదు. జాకెట్టుకు ఎంత కూలి అడగాలి? పక్కింటి అరువు మొహమాటం లేకుండా ఎలా వసూలు చేయాలి? లక్ష్మీనగర్‌లో షట్టర్ తీసుకోవాలంటే అడ్వాన్సు ఎక్కడిది? ఇంట్లోనే మొదలుపెడదామంటే కంపెనీ క్వార్టరు భర్త పేరున ఉంటుంది. ఆయన రిటైరైతే ఖాళీ చేయాలి. ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న గిరాకీ ఆ రోజుతో పోతుంది. మిషను మూలపడితే మాత్రం "ఆమెకు చొరవ లేదు" అంటారు!

ప్రభుత్వ పథకాల తీరూ చూద్దాం. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ 18 వృత్తులకు పనిముట్ల కోసం 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల అప్పు ఇస్తామంది. జాబితాలో దర్జీ ఉన్నాడు, మంగలి ఉన్నాడు, బ్యూటీషియన్ లేదు. పైగా కుటుంబానికి ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరో ఇంట్లో ఎవరు తేలుస్తారో మనకు తెలియనిది కాదు.

ఏరియాల్లో సేవా అధ్యక్షురాలి హోదా జనరల్ మేనేజర్ భార్యకు దక్కడం ఆనవాయితీ. స్త్రీలను సొంత కాళ్ళమీద నిలబెట్టే సంస్థలో పదవి భర్త హోదాను బట్టి రావడమేమిటి? ఇది వ్యక్తుల మీద విమర్శ కాదు, పద్ధతి మీద. ఆ కుర్చీలో పదేళ్ళు దుకాణం నడిపిన దర్జీ అక్క ఎందుకు కూర్చోకూడదు?

కంపెనీ పని బొగ్గు తీయడం, దుకాణాలు పెట్టించడం కాదని కొందరంటారు. మూడు షిఫ్టులకూ వేళ తప్పకుండా సద్ది కట్టిన చేతుల శ్రమ ఆ బొగ్గులో లేదా? దానికి ఎన్నడైనా కూలి కట్టారా?

కనుక మనం అడగాల్సింది దయ కాదు. శిక్షణ అయ్యాక ఏడాదిపాటు అనుభవమున్న మహిళను తోడు ఇవ్వాలి, ఆమెకు గౌరవ వేతనం చెల్లించాలి. కంపెనీ షాపింగ్ కాంప్లెక్సుల్లో స్త్రీల పేరుమీదే తక్కువ అద్దెకు గదులివ్వాలి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల యూనిఫాంల కుట్టుపని స్వయం సహాయక సంఘాలకు అప్పగించింది. సింగరేణి బడుల, ఆసుపత్రుల కుట్టుపని కూడా శిక్షణ పొందిన స్త్రీలకే దక్కాలి. ఎందరికి నేర్పారన్న లెక్కతో పాటు, రెండేళ్ళ తర్వాత ఎందరు ఆ పనితో బతుకుతున్నారో ఏటా ప్రకటించాలి.

ఈ ప్రశ్నలు యైటింక్లైన్ కాలనీ నుంచి సెంటినరీ కాలనీ దాకా ప్రతి శిక్షణ కేంద్రంలో, సర్టిఫికెట్లు పంచే వేదిక ముందే అడుగుదాం.