జినువాయికి గడ్డే అడవి

ఎర్ర జినువాయి పిచ్చుక కన్నా చిన్నది. ముక్కు కొన నుంచి తోక దాకా 10 సెంటీమీటర్లు ఉంటుంది. వానాకాలంలో మగపిట్ట ఒళ్లంతా ముదురు ఎరుపెక్కి, దాని మీద తెల్ల చుక్కలు తేలతాయి. ముక్కు మే నెల నుంచే ఎర్రబడుతుంది. గూటి కాలం ముగిశాక ఒంటి ఎరుపు రాలిపోయి, ఆడపిట్టలాగే మట్టిరంగులోకి మారుతుంది. ఏటా ఇలా వేషం మార్చే గుణం దీని కుటుంబంలో అరుదు. దీని తోబుట్టువు పచ్చ మునియా భారతదేశంలో తప్ప సహజంగా మరెక్కడా లేదు. మధ్య భారతపు గడ్డి కొండలు, చెరకు తోటలే దానికి ప్రధానమైన దిక్కు. అదిప్పుడు అంతరించే ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది.

జినువాయి ఆహారం ప్రధానంగా గడ్డిగింజలే. బరువు లేని పిట్ట గనుక కాడను కాళ్లతో పట్టుకుని వేలాడుతుంది, కాడ వంగితే వంగినంత మేరా గింజలు ఒలుచుకుంటుంది. గూడూ గడ్డితోనే: గడ్డిపోచలను గుండ్రంగా అల్లి, పక్కన దారి ఉంచి, లోపల ఈకలు పరుస్తుంది. అయిదారు తెల్లని గుడ్లు పెడుతుంది. గుట్టల కింది పొదలు, చెరువు శిఖాల్లో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే నేలల్లో, లేచే తుంగ, జమ్ము, చెరకు మడుల అంచులు దీనికి సరిగ్గా సరిపడే చోట్లు. పెద్ద చెట్లు దీనికి అక్కరలేదు.

కానీ రెవెన్యూ లెక్కల్లో గడ్డికి విలువ లేదు. బంచరాయి (ఊరి మేత భూమి) అన్నా, శిఖం అన్నా ఖాళీ జాగా అనే అర్థం. తెలంగాణలో 2015లో మొదలైన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకుంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచుతామంది. లెక్కించింది చెట్లనే. రోడ్ల పక్కన, ఊరి బయట గడ్డి గీకి, గుంతలు తీసి, త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటారు. దాని కొమ్మల్లో ఈ పిట్టకు గింజ దొరకదు, గూటికి పోచ దొరకదు. అన్నిటికన్నా బాధ కలిగించేది నాటే కాలం. తొలకరి పడగానే పలుగూ పారా పట్టుకుని దిగేది ఆ గడ్డిలోకే, జినువాయి గూడు కట్టేదీ ఆ వానల్లోనే. పచ్చదనం పేరిట గుడ్లతో సహా గడ్డిని చెక్కేయడం పర్యావరణ సేవ కాదు. మిగిలిన గట్టు గడ్డిని కలుపు మందు మాడ్చేస్తోంది.

ఇక పట్టేవాళ్ల సంగతి. ఈ పిట్టలను వలలతో పట్టి నగరాల బజార్లలో లాల్ మునియాగా అమ్ముతారు. మామూలు మునియాలకు రంగులద్ది అమ్మడమూ ఉంది. స్వదేశీ పక్షుల వ్యాపారం 1990-91 నుంచే నిషేధం. 2022 సవరణ వన్యప్రాణి చట్టంలోని సాధారణ జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచింది. పంజరం పట్టుకున్నవాడికి జరిమానా సరే, గడ్డి దున్నేసినవాణ్ని అడిగేవాడే లేడు.

పంజరం మీదైనా ఆ చట్టం గట్టిగా నడుస్తోందా అంటే దసరా నాడు చూడాలి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. పండగ రోజున అది ఎగురుతూ కనిపిస్తే శుభం అని పెద్దల నమ్మకం. ఇప్పుడు దాన్ని ముందే పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో ఇంటింటికీ తిప్పి పైసలడుగుతున్నారు. అది ఎగరలేదు. తిండీ నీళ్లూ లేక చాలా పిట్టలు పండగ దాటకముందే చస్తాయి. చూసి దండం పెట్టి పది రూపాయలిచ్చిన ప్రతి ఇల్లూ ఆ వేటకు పెట్టుబడి పెట్టినట్టే. అటవీ శాఖ పండగకు వారం ముందే సంతల్లో తనిఖీలు చేయాలి. జినువాయి కోసం అడిగేది ఇంకా తక్కువ: ఊరికొక శిఖం గడ్డిని వానాకాలం ముగిసేదాకా తాకకుండా వదిలేయాలి, మొక్కలు వేరేచోట నాటుకోవాలి.