‘పరిశోధన’ ముసుగులో సూది మందు

‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని సీసా మీద అచ్చేసి, అదే సీసాను మోకాటి నొప్పికీ, చిరిగిన కండరానికీ మందుగా అంటగట్టడం మోసం. బీపీసీ-157, టీబీ-500 వంటి పెప్టైడ్లు ఆన్‌లైన్ దుకాణాల్లో ఇలాగే అమ్ముడవుతున్నాయి. కొరియర్‌కు ఏలూరైనా తాడేపల్లిగూడెమైనా ఒకటే.

బీపీసీ-157 అంటే 15 అమైనో ఆమ్లాల గొలుసు. దీనితో ఎలుకల్లో తెగిన స్నాయువులు త్వరగా అతుక్కున్నాయని క్రొయేషియాలోని జాగ్రెబ్ పరిశోధకులు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు. మనుషుల్లో పెద్ద పరీక్షలేవీ జరగలేదు. కొత్త రక్తనాళాలను పుట్టించే గుణం గాయానికి మేలు చేస్తే చేయవచ్చు. ఒంట్లో దాగిన కంతికీ మేత పెడుతుందేమో తేల్చినవారు లేరు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లో దీన్ని నిషేధిత జాబితాలోకి ఎక్కించింది.

అసలు ప్రమాదం తయారీలో ఉంది. ‘99 శాతం శుద్ధి’ అని చూపే కాగితం ఆ పొడిలోని పెప్టైడ్ పదార్థంలో అసలు పెప్టైడ్ పాలెంతో చెబుతుందే గాని, సూక్ష్మజీవులు లేవనీ, జ్వరం తెప్పించే ఎండోటాక్సిన్లు లేవనీ హామీ ఇవ్వదు. వాటికి వేరే పరీక్షలు కావాలి. గడ్డకట్టించి ఎండబెట్టిన పొడి కొంతకాలం తట్టుకున్నా, నీటిలో కలిపాక 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. అప్పుడూ దాని ఆయుష్షు కొద్దికాలమే. ఆ కలిపే పనినీ కొన్నవాడికే వదిలేస్తున్నారు. ఆకివీడు, కైకలూరు నుంచి బొచ్చె, శీలావతి చేపలు లారీలెక్కితే పెట్టెపెట్టెకూ ఐసు పడుతుంది. సూదితో ఒంట్లోకి ఎక్కించే మందుకు ఆపాటి జాగ్రత్త లేకపోవడం సిగ్గుచేటు. 2020 డిసెంబరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలై, రక్తంలో సీసం, నికెల్ బయటపడిన ఏలూరుకు, ఏమిటో తెలియనిది ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

పెప్టైడ్ల మీద మాకు పగ లేదు. ఇన్సులిన్ పెప్టైడే. మధుమేహుల కాలిపుండ్లకు హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తెచ్చిన రీజెన్-డి జెల్‌లో ఉన్నది 53 అమైనో ఆమ్లాల వృద్ధి కారకం. అది పరీక్షలు దాటి, లైసెన్సు పొంది వచ్చింది. దొడ్డిదారి పట్టలేదు.

చట్టం మౌనంగా ఏమీ లేదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం మనిషి జబ్బుకని అమ్మితే అది మందే. లైసెన్సు లేకుండా అమ్మినవారికి మూడేళ్లకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. సీసా మీది చీటీ వారిని కాపాడలేదు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఈ సీసాలను కొని, పరీక్షకు పంపి, కేసులు పెట్టాలి. వీటిని పొడిచే జిమ్ శిక్షకుడిని పోలీసులు ప్రశ్నించాలి. తెల్లకోటు వేసుకుని అదే పని చేసే డాక్టరు సంగతి వైద్య మండలి తేల్చాలి. అతను తెలియక చేశాడనుకునే వీలైనా లేదు.