పెరటి తోఁట: ఆకు క్రింది యెఱ్ఱనల్లి



చైత్రమాసపు టెండలు ముదిరినంతనే మల్లె, గులాబి, బొప్పాయి యాకులు వన్నె తఱుగుట మీరు చూచియే యుందురు. ఆకుపైని సూదితోఁ బొడిచినట్లు సన్నని చుక్కలు పడి, క్రమముగా పసుపువాఱి రాలిపోవును. పలువు రిది యెండదెబ్బ యని యూరకుందురు. మఱికొందఱు పురుగుమందు చల్లుదురు. ఇందు రెండవది మొదటిదానికంటె హానికరము.

ముందుగా రోగ మెట్టిదో తెలిసికొనవలయును. ఆకును త్రిప్పి క్రిందివైపు చూడుఁడు. ఈనెల నడుమ సన్నని బూజువంటి గూడు, అందు కదలు నలుసులు కనఁబడును. కంటి కానకున్నచో కొమ్మను తెల్లకాగితముపై దులుపుఁడు. రాలిన నలుసులు నడచినచో అవి నల్లులే.

పురుగులకు కాళ్ళు ఆఱు. పెరిగిన నల్లికి ఎనిమిది. ఇది సాలెపురుగునకు జ్ఞాతి. కావున సామాన్యములగు పురుగుమందులు పెక్కు దీనిని చంపఁజాలవు. దీనిని తిని బ్రతుకు అక్షింతల పురుగులను మాత్రము చంపును. కావలివారు లేని యింట దొంగలకు వెఱపేమి? వేసఁగిలో గ్రుడ్డు పెరిగి నల్లి యగుటకు వారము పది దినములు చాలును. అందుచేత మందు చల్లిన పిమ్మట నల్లి తగ్గుటకు మాఱుగా ఇనుమడించును.

దీనికి మొదటి చికిత్స నీరే. మొదటికి నీరు తక్కువ కాకుండఁ జూచుచు, రెండు మూఁడు దినముల కొకసారి ప్రొద్దుననే ఆకుల క్రిందివైపునకు నీటిని వడిగాఁ జిమ్ముఁడు. గూడు చినిఁగి, దుమ్ము పోయి, నల్లులు రాలును. మిక్కిలి చెడిన యాకులను త్రుంచి దూరముగాఁ బాఱవేయుఁడు.

అప్పటికిని తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేఁపనూనె, కొంచెము సబ్బు కలిపి, ఒకటి రెండాకులపైఁ బరీక్షించి, చల్లని సాయంకాలమున ఆకుల రెండు వైపులను తడుపుఁడు. గ్రుడ్లు మిగిలి మరల పొదుగును గనుక వారమున కొకసారి చొప్పున మూఁడు మాఱులు చేయవలయును. గంధకపు పొడియు నల్లిని చంపును గాని, మండుటెండలలోను, నూనె చల్లిన వెంటనే యును వాడినచో ఆకులు మాడును.

పెరటి పూవు దేవుని పాదములకును, ఆఁడుబిడ్డల జడలకును చేరునది. దానిపైఁ జల్లిన విషమును దానితోడనే చేరును. కావున మందుసీసా మూఁత తీయుటకు ముందు ఆకును త్రిప్పి చూచుట మన యింటి యాచార మగుఁగాక!